మా అమ్మాయి కౌంటర్‌కి వాళ్లొస్తే?

ప్రశ్న: అమ్మా, మాది నెల్లూరు దగ్గర. ఇరవై ఏళ్లుగా చెన్నై అంబత్తూరులో ఉంటున్నాం. మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటోంది. అల్లుడుగారిది హెచ్-వన్‌బి ఉద్యోగ వీసా, దానిది ఆయన భార్యగా వచ్చిన హెచ్-ఫోర్ వీసా. పని చేసుకునే అనుమతి కార్డు వచ్చాక ఇంటి దగ్గరున్న పబ్లిక్ లైబ్రరీలో చేరింది. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే కౌంటర్లో కూర్చుంటుంది. పోయిన వారం ఫోన్ చేసి, ‘ఇమిగ్రేషన్ వాళ్లు లైబ్రరీకి వస్తే ఏం చెయ్యాలో మాకు క్లాసు పెట్టారమ్మా, ఒక కాగితం ఇచ్చి కౌంటర్ లోపలివైపు అంటించుకోమన్నారు’ అంది. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. వీసా మీద ఉన్న పిల్ల ఆఫీసర్లకి ఎదురు చెబితే దాని కాగితాలకే ముప్పు రాదా? అడిగింది ఇచ్చేసి పక్కకి తప్పుకోమందామా? అసలు ఉద్యోగమే మానెయ్యమందామా? జూన్‌లో మేమిద్దరం విజిటర్ వీసా మీద వెళ్తున్నాం. నాలుగేళ్ల మనవణ్ని ఆ లైబ్రరీలో కథలు చెప్పే గంటకి తీసుకెళ్లాల్సింది నేనే. వెళ్లొచ్చా?
— ఒక తల్లి, అంబత్తూరు

జవాబు: ఉద్యోగం మానెయ్యమని చెప్పకండమ్మా. అడిగింది ఇచ్చేసి తప్పుకోమని అసలే చెప్పకండి. ఆ రెండో మాట ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో ముందు చెప్పి, తర్వాత అమెరికా సంగతికి వస్తాను.

1986లో నేను మద్రాసులోనే ఒక చిన్న లైబ్రరీలో పనిచేసేదాన్ని. 1983 గొడవల తర్వాత శ్రీలంక నుంచి పడవల్లో వచ్చిన తమిళ కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉండేవి. వాళ్లలో ఒక అబ్బాయి, పంతొమ్మిదేళ్లుంటాయి, రోజూ నాలుగింటికి వచ్చి ఇంగ్లిష్ పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేవాడు. రేడియో రిపేరు మీద మా దగ్గరున్న రెండు పుస్తకాలూ మార్చి మార్చి తీసుకెళ్లేవాడు. ఒకరోజు సఫారీ సూటు వేసుకున్న ఒకాయన వచ్చి ‘విచారణ’ అన్నాడు. ఏ డిపార్టుమెంటో చెప్పలేదు. నేనూ అడగలేదు. కుర్చీ వేశాను, ఫ్యాను వేశాను, కాఫీ తెప్పించాను. ఇష్యూ రిజిస్టర్ ఆయన ముందు పెట్టాను. వేలు పెట్టి ఒక్కో గీతా దిగుతూ, ఆ అబ్బాయి పేరు దగ్గర ఆగి, చిరునామా తన సిగరెట్ పెట్టె వెనక రాసుకున్నాడు. అంతా కలిపి పది నిమిషాలు.

ఆ అబ్బాయి మళ్లీ రాలేదు. వారం తర్వాత పొద్దున్నే తాళం తీద్దామని వెళ్తే, గుమ్మం దగ్గర పేపరులో చుట్టి ఆ రెండు రేడియో పుస్తకాలూ ఉన్నాయి. ఎవరు పెట్టారో తెలీదు. ఆ పిల్లాడు ఏమయ్యాడో ఈ రోజుకీ తెలీదు. తర్వాత పాతికేళ్లు ఇదే పనిలో ఉన్నాను. కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ ఈ సంగతి చెప్పాను. మీ అమ్మాయి చేతికిచ్చిన కాగితం లాంటిది ఆ రోజు నా దగ్గర ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. భయపడ్డప్పుడు మాట అప్పటికప్పుడు తోచదమ్మా. ముందే నోటికి వచ్చి ఉండాలి. ఆ క్లాసు పెట్టింది అందుకే, ఏదో ముంచుకొస్తోందని కాదు.

ఇక అక్కడి సంగతి. అక్కడ అందరూ ‘ఐస్’ అనే ఇమిగ్రేషన్ అండ్ కస్టమ్స్ ఎన్‌ఫోర్స్‌మెంట్ 2003లో ఏర్పడింది. బడులు, ఆస్పత్రులు, గుళ్లు, చర్చిల దగ్గర వీలైనంతవరకు అరెస్టులు చెయ్యకూడదని 2011 నుంచి వాళ్లకి లిఖితపూర్వకమైన ఆదేశం ఉండేది. 2021లో దాన్ని ఇంకా విస్తరించారు. 2025 జనవరి 20న ఎత్తేశారు. అక్కడి లైబ్రరీలు సిబ్బందికి ఈ క్లాసులు పెట్టుకోవడానికి అదొక ముఖ్య కారణం. ఆదేశం పోయింది గానీ రాజ్యాంగం అలాగే ఉంది. సోదాలకి హద్దు పెట్టే నాలుగో సవరణ ఎక్కడికీ పోలేదు.

మీ అమ్మాయి గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటుంది. లైబ్రరీ హాలు, పుస్తకాల వరసలు, పిల్లల గది అందరివీ. అక్కడికి ఎవరైనా రావచ్చు, ఆఫీసరూ రావచ్చు. దానికి వారెంటు అక్కర్లేదు. సిబ్బంది గది, ఆఫీసు, కౌంటర్ వెనక ఉన్న కంప్యూటర్ మాత్రం అందరివీ కావు. అక్కడికి రావాలంటే కోర్టు జడ్జి సంతకం చేసిన వారెంటు ఉండాలి, లేదా ఆ అధికారం ఉన్నవాళ్లు ఒప్పుకోవాలి.

చిక్కంతా ఆ ఒప్పుకోవడం దగ్గరే. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ‘రండి, లోపలికి రండి’ అనకుండా ఉండటం మనకి చేతకాదు. నాకూ చేతకాలేదు. అక్కడ ఆ ‘రండి’ అన్న మాటే ఒప్పుకున్నట్టు అయిపోవచ్చు. తలుపు తీసి పక్కకి జరిగినా అలాగే తీసుకోవచ్చు. మీ అమ్మాయి అనాల్సింది ఇంతే: ‘దీనికి జవాబు చెప్పే అధికారం నాకు లేదండీ. మా సూపర్‌వైజర్‌ని పిలుస్తాను, దయచేసి ఇక్కడే ఉండండి.’ ఈ రెండు వాక్యాలు ఇంగ్లిష్‌లో పదిసార్లు పైకి అనుకోమనండి, మీకు ఫోన్లో అప్పజెప్పమనండి. ఇందులో ఎదురు చెప్పడం ఏమీ లేదు. తన పై వాళ్లు రాసిచ్చిన పద్ధతిని పాటించడం అది. ఆఫీసరు పేరు, బ్యాడ్జి నంబరు రాసుకోవడం, కాగితం చూపిస్తే కాపీ అడగడం, కౌంటీ (మన జిల్లా లాంటిది) లాయరుకి ఫోన్ చెయ్యడం, ఇవన్నీ సూపర్‌వైజర్ చూసుకుంటారు. కాలిఫోర్నియాలో 2017లో వచ్చిన చట్టం ప్రకారం ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ 2018లో పబ్లిక్ లైబ్రరీల కోసం ఒక నమూనా విధానమే ప్రచురించారు. మీ పిల్ల ఒంటరిగా నిర్ణయించుకోవాల్సింది ఏదీ లేదు.

కాగితం గురించి కూడా చెప్పాలి. ‘వారెంట్’ అని పైన అచ్చు వేసి ఉన్నదల్లా జడ్జి ఇచ్చింది కాదు. ఐ-200, ఐ-205 అని రెండు ఫారాలున్నాయి. మనిషిని అదుపులోకి తీసుకోవడానికి ఇమిగ్రేషన్ శాఖ అధికారులే సంతకం పెట్టుకునేవి అవి. వాటితో సిబ్బంది గదిలోకి వచ్చే హక్కు రాదు. జడ్జి వారెంటు మీద కోర్టు పేరు, జడ్జి సంతకం, ఏ చిరునామాలో ఏం వెతకాలో, ఎప్పటిలోగా వెతకాలో ఉంటాయి. అది నిజమైనదైతే అడ్డు నిలవకూడదు. సబ్‌పీనా అని ఇంకొకటి ఉంటుంది. రికార్డులు ఫలానా తేదీకి ఇవ్వమని అడిగే కాగితం. దాన్ని తీసుకుని లాయరుకి పంపుతారు. అక్కడికక్కడ కంప్యూటర్ తెరిచి చూపించాల్సిన పని లేదు.

చెయ్యకూడనివి కూడా అంతే గట్టిగా చెప్పండి. ఎవర్నీ దాచకూడదు, వెనక తలుపు నుంచి పంపకూడదు, అబద్ధం ఆడకూడదు, అడిగిన తర్వాత రికార్డు చెరిపెయ్యకూడదు. మనసు కరిగి ఇలాంటిది చేస్తే మాత్రం మీరు భయపడ్డట్టే దాని కాగితాలకి ముప్పు.

రికార్డుల విషయంలో అక్కడి లైబ్రేరియన్లంటే నాకు ఎంతో గౌరవం. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్నది బయటపెట్టకూడదని అమెరికాలో 50 రాష్ట్రాల్లో 48 చట్టం చేసుకున్నాయి. మిగతా రెండింట్లోనూ అటార్నీ జనరళ్లు అదే అభిప్రాయం ఇచ్చారు. 2005లో కనెక్టికట్ రాష్ట్రంలో నలుగురు లైబ్రేరియన్లు బాధ్యులుగా ఉన్న ఒక లైబ్రరీల సంఘానికి ఎఫ్‌బీఐ నుంచి ఒక లేఖ వచ్చింది. ఫలానా రోజు ఫలానా కంప్యూటర్ ఎవరు వాడారో చెప్పాలి, ఈ లేఖ వచ్చిన సంగతి ఎవరికీ చెప్పకూడదు. జడ్జి ఆదేశం లేకుండా ఇచ్చేది లేదని వాళ్లు కోర్టుకెక్కారు. కోర్టులో కేసు నడుస్తున్నా అది తమదేనని బయట చెప్పుకునే వీలు లేదు. 2006లో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. ఆ నలుగురూ మీ అమ్మాయిలాగా లైబ్రరీ పనిలో ఉన్నవాళ్లే.

ఇప్పుడు చాలా లైబ్రరీల్లో పుస్తకం తిరిగి ఇవ్వగానే ఆ పుస్తకానికీ ఆ మనిషికీ ఉన్న లంకె కంప్యూటర్‌లోంచి పోతుంది. లేనిదాన్ని ఎవరడిగినా ఇవ్వలేరు కదా.

మీరు ఎక్కువ పట్టించుకోవాల్సింది దాని పని అనుమతి కార్డు తేదీ. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టే రెన్యూవల్ దరఖాస్తులకి ఇదివరకటిలా ఆటోమేటిక్ పొడిగింపు లేదు. గడువు 180 రోజులుండగానే దరఖాస్తు పెట్టమనండి. కార్డు గడువు దాటి ఒక్క పూట పనిచేసినా ఇబ్బందే.

మనవణ్ని తప్పకుండా తీసుకెళ్లండి. విమానం దిగిన తర్వాత మీ ఇద్దరి ఐ-94 (ఆ దేశంలోకి అనుమతితో వచ్చినట్టు, ఎప్పటిదాకా ఉండొచ్చో చూపించే రికార్డు) ప్రింటు తీయించుకోండి. 18 ఏళ్లు నిండిన విదేశీయులు ఆ రుజువు దగ్గర ఉంచుకోవాలన్నది అక్కడ చట్టం. బీరువాలో కాదు, చేతి సంచిలో పెట్టుకోండి, పాస్‌పోర్టు కాపీతో పాటు. ఎవరైనా ఏమైనా అడిగితే కంగారుపడి తోచింది చెప్పొద్దు. అబద్ధం అసలొద్దు. ‘మా అమ్మాయితో మాట్లాడి చెప్తాను’ అనండి. మౌనంగా ఉండే హక్కు ఆ దేశంలో మీకూ ఉంది. మీ అల్లుడుగారి ఇమిగ్రేషన్ లాయరు నంబరు ఫోన్లోనే కాక ఒక చీటీ మీద కూడా రాసుకోండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయే రోజొకటి ఉంటుంది.

ప్రశ్న: మేము పెరంబూరులో మా అపార్టుమెంటులో ఐదారు వందల తెలుగు పుస్తకాలతో చిన్న లైబ్రరీ నడుపుతున్నాం. నోటుబుక్కులో పేరు, ఫ్లాటు, ఫోన్ నంబరు, పుస్తకం రాసుకుంటాం. ఈమధ్య అద్దెకున్న నేపాలీ కుటుంబం వివరాలు కావాలని ఒకాయన వచ్చి ఆ నోటుబుక్కు అడిగాడు. ఇవ్వచ్చా?
— ఒక రిటైర్డ్ టీచర్, పెరంబూరు

జవాబు: ఇవ్వకండి మాస్టారూ. మన దగ్గర లైబ్రరీ రికార్డుల కోసం విడిగా గోప్యతా చట్టం లేని మాట నిజమే. కానీ వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. పోలీసులకి దర్యాప్తులో ఏదైనా పత్రం కావాలంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద స్టేషన్ అధికారి లిఖితపూర్వకంగా అడగాలి. ఆ కాగితం వస్తే అసోసియేషన్ ప్రెసిడెంటుకీ లాయరుకీ చూపించి అప్పుడు ఇవ్వండి. నోటిమాట మీద వద్దు.

అసలు ఆ నోటుబుక్కే మానెయ్యండి. పాత బ్రౌన్ పద్ధతి మీకు సరిగ్గా సరిపోతుంది. ప్రతి పుస్తకంలో ఒక చిన్న కార్డు, ప్రతి సభ్యుడికీ అట్ట పాకెట్‌లా ఉండే ఒక టికెట్టు. పుస్తకం ఇచ్చేటప్పుడు కార్డుని ఆ పాకెట్‌లో దూర్చి, తిరిగి ఇవ్వాల్సిన తేదీ వరసలో ట్రేలో నిలబెట్టాలి. పుస్తకం రాగానే కార్డు పుస్తకంలోకి, టికెట్టు మనిషి చేతికి. ఎవరు ఏం చదివారో ఎక్కడా మిగలదు. నేను రిజిస్టర్ అప్పజెప్పిన ఆ లైబ్రరీలో ఈ మార్పు చేయించడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీకు ఒక ఆదివారం చాలు. కార్డులు దళసరివి తీసుకోండి. పుస్తకం లోపల కార్డు పెట్టే జేబు అతికించడానికి మైదా జిగురు మాత్రం వాడకండి, పురుగు పడుతుంది.