ఆసుపత్రి బిల్లు కోసం ఇల్లు తాకట్టు పెట్టకండి

సంక్రాంతికి అమెరికా నుంచి అంబాజీపేట దగ్గర మా ఊరొచ్చాను. వచ్చే నెల డల్లాస్ వెళ్తున్న మేనల్లుడు అరుగు మీద నా పక్కన చేరి, "మావయ్యా, అక్కడ ఒక్కసారి ఆసుపత్రికెళ్తే ఇల్లు గుల్లేనంట కదా?" అన్నాడు. వాళ్ళ నాన్న వెంటనే, "అంతవరకూ వస్తే ఎకరం అమ్మేద్దాం లెండి బావగారూ" అన్నారు.

ఆ మాటకి మనసు చివుక్కుమంది. మా నాన్న ఆపరేషన్‌కి మా కొబ్బరితోట అలాగే పోయింది. జబ్బు అనగానే మన చెయ్యి పొలం కాగితాల మీదకి పోతుంది. అమెరికాలోనూ అదే భయంతో, బిల్లు రాగానే ఎక్కడో అక్కడ తెచ్చి కట్టేస్తాం.

నేనూ కట్టేశాను. అద్దె ఇంట్లో ఉన్న రోజులు. మా ఆవిడకి అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాను. మూడు వారాలకి కవరొచ్చింది. అందులోని అంకె చూసి ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారగానే క్రెడిట్ కార్డు గీకేశాను. తీరా చూస్తే కౌంటర్‌లో ఇన్సూరెన్స్ నంబర్ ఒక అంకె తప్పుగా ఎక్కించారు, క్లెయిమ్ అసలు వెళ్ళనే లేదు. డబ్బు వెనక్కి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. అన్నాళ్ళూ వడ్డీ నేనే కట్టుకున్నాను.

అందుకే చెబుతున్నాను, ముందు ఇన్సూరెన్స్ వాళ్ళ ఈఓబీ కాగితం, అంటే వాళ్ళు ఎంత కడతారో మన వాటా ఎంతో చూపించే లెక్క, రానివ్వండి. దాని మీద "ఇది బిల్లు కాదు" అనే ఉంటుంది. అందులో మీ వాటాగా చూపించిన మొత్తం, ఆసుపత్రి అడిగిన మొత్తం ఒకటేనా చూడండి. తేడా ఉంటే ఐటమైజ్డ్ బిల్లు, అంటే దేనికెంతో విడివిడిగా రాసిన బిల్లు, అడగండి. ఎమర్జెన్సీలో నెట్‌వర్క్‌లో లేని, అంటే మన ఇన్సూరెన్స్‌తో ఒప్పందం లేని, డాక్టర్ చూశారని ఎక్కువ గుంజకుండా 2022 జనవరి 1 నుంచి నో సర్‌ప్రైజెస్ చట్టం ఉంది. రోడ్డు మీద వెళ్ళే అంబులెన్స్‌కి మాత్రం అది వర్తించదు.

నిజంగానే కట్టలేకపోతే ఫైనాన్షియల్ అసిస్టెన్స్ (బిల్లు తగ్గించమనో మాఫీ చేయమనో ఆసుపత్రినే అడిగే సాయం) దరఖాస్తు అడగండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులకి ఆ ఏర్పాటు ఉండి తీరాలి. మొదటి బిల్లు వచ్చాక కనీసం 240 రోజులు దరఖాస్తు తీసుకోవాలి. అడగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు. దయచేసి పడకండి.

ఇల్లు కొనుక్కున్నవాళ్ళకి ఇంకో గట్టి మాట. ఆసుపత్రి బాకీకి మామూలుగా తాకట్టు ఏమీ ఉండదు. దాన్ని తీర్చడానికి ఇల్లు తాకట్టు పెట్టి హోమ్ ఈక్విటీ లోన్ తీశారా, ఆ బాకీని మీ చేతులతో మీరే ఇంటి మీదకి తెచ్చుకున్నట్టు. వాయిదాలు తప్పితే బ్యాంకు ఇంటికే వస్తుంది. దానికన్నా ఆసుపత్రితోనే నెలవారీ వాయిదాలు మాట్లాడుకోండి. ఉత్తరాలు మాత్రం పక్కన పడేయకండి, కోర్టుదాకా పోవచ్చు.

మేనల్లుడికి కాగితం మీద రెండు మాటలు రాసిచ్చాను: డిడక్టిబుల్, ఔట్ ఆఫ్ పాకెట్ మ్యాక్సిమమ్. ఇన్సూరెన్స్ ప్లాన్ ఎంచుకునేటప్పుడు ఈ రెండు అంకెలూ హెచ్‌ఆర్‌ని అడగమన్నాను. మొదటిది, ఇన్సూరెన్స్ వాళ్ళు తమ వాటా కట్టడం మొదలుపెట్టకముందు మన జేబులోంచి పోయేది. రెండోది, నెట్‌వర్క్‌లోని వైద్యానికి ఏడాదిలో మనం పెట్టే ఖర్చుకి హద్దు. ఈ కొబ్బరి దింపు డబ్బుల్లోంచి డిడక్టిబుల్‌కి సరిపడా వాడి పేరు మీద పక్కన పెట్టమని వాళ్ళ నాన్నకి చెప్పాను. ఎకరం జోలికి వెళ్ళొద్దన్నాను.