‘అట’కు సిద్ధాంత గ్రంథంలో చోటు లేదా?

సందేహం: నేను గ్రామ చరిత్రల మీద పరిశోధన చేస్తున్నాను. ఒక అధ్యాయంలో ‘ఈ గుడిని కాకతీయుల కాలంలో కట్టారట’ అని రాశాను. మా పర్యవేక్షకులు ‘అట’ను కొట్టేసి, ‘ఈ దేవాలయం కాకతీయుల కాలంలో నిర్మించబడినదని చెప్పవచ్చు’ అని దిద్దారు. ‘అట’, ‘కాబోలు’ వంటివి మాటల్లో చెల్లుతాయే గాని పరిశోధన గ్రంథానికి తగవని, ఇంగ్లీషు వ్యాసాల్లో ‘ఇట్ మే బి సెడ్’ అని రాస్తారు కనుక తెలుగులోనూ ‘చెప్పవచ్చు’ అనడమే మర్యాద అని వారి అభిప్రాయం. ఇది సరైనదేనా? ‘కాబోలు’, ‘కామోసు’ అనే వాటిలో ఏది శుద్ధ రూపం?
– ఒక పరిశోధక విద్యార్థిని, హనుమకొండ

సమాధానం: మీ పర్యవేక్షకుల దిద్దుబాటులో వ్యాకరణ దోషమేమీ లేదు. (‘నిర్మించబడినది’ మీద నాకున్న కోపాన్ని మరో సందర్భానికి దాచుకుంటాను, ‘కట్టారు’ అనే క్రియ ఏ శాస్త్రానికీ తక్కువైంది కాదు.) చిక్కంతా అర్థంలో వచ్చింది. ‘కట్టారట’ అని మీరు రాసినప్పుడు ఆ సంగతి ఊరివాళ్లు చెప్పగా మీరు విన్నారని చదివేవారికి తెలుస్తుంది. ‘కట్టారని చెప్పవచ్చు’ అన్నప్పుడు అది ఆధారాలన్నీ తూచి చూసి మీరు చేసిన నిర్ణయమవుతుంది. ఊరివాళ్ల మీద ఉన్న బరువును మీ పర్యవేక్షకులు ఒక్క కలంపోటుతో మీ నెత్తికెత్తారు. రేపు మౌఖిక పరీక్షలో ఎవరైనా ‘ఏ ఆధారంతో చెప్పవచ్చునమ్మా?’ అని అడిగితే మీ దగ్గర శాసనం ఉండదు, శిల్పశైలి చర్చ ఉండదు. ఉన్నదల్లా అరుగు మీద విన్న మాటే.

ఇంతకీ ‘అట’ ఎక్కడిది? ప్రాచీన కావ్యాల ప్రతులలో ఇది అరసున్నతో ‘అఁట’ అని కనిపిస్తుంది. ఆ అరసున్న ఒకప్పటి నిండుసున్నకు గుర్తు. ‘అను’ ధాతువు నుంచి ‘అనుట’, దాని నుంచి ‘అంట’, ఆపైన ‘అఁట’ ఏర్పడ్డాయని నేను భావిస్తాను. అరసున్నలను వదిలేసిన నేటి రాతలో ‘అట’ మిగిలింది. అందుచేత ‘వచ్చిండంట’, ‘వచ్చినాడంట’ అనేవారి నోట మోటుదనం వెతికే పట్టణవాసులు ఒక సంగతి గమనించాలి: ఈ మాటలోని పాత సున్నను పుస్తకాల తెలుగు పోగొట్టుకుంటే, ఆ నోళ్లు భద్రంగా నిలుపుకొన్నాయి. తమిళులు ఇదే పనికి ‘అగు’ ధాతువుకు చుట్టమైన ‘ఆమ్’ వాడతారు. మనం ‘అను’ ధాతువును ఎంచుకున్నాం. అంటే తెలుగువాడు విన్న సంగతిని చెప్పేటప్పుడు ‘ఇది ఒకరు అన్నది’ అనే ముద్రను క్రియకే తగిలించి పంపుతాడు. వెటకారం (‘పెద్ద పండితుడట!’), ఆశ్చర్యం, కథ చెప్పే ధోరణి మొదలైనవి ఆ మూలార్థానికి పుట్టిన పిల్లలు.

ఈ ముద్రను వేయడం తెలిసిన కవి పోతన. భాగవతానికి పూనుకొంటూ ఆయన చెప్పిన కందాన్ని మనలో చాలామందిమి బడిలోనే కంఠస్థం చేశాం:

పలికెడిది భాగవతమఁట
పలికించు విభుండు రామభద్రుండఁట, నేఁ
బలికిన భవహర మగునఁట
పలికెద, వేఱొండు గాథ బలుకఁగనేలా?

కంఠస్థం చేశామే గాని, ఇందులో ‘అఁట’ ఎక్కడుంది, ఎక్కడ లేదు అని ఆగి చూసినవాళ్లం తక్కువ. మూడు పాదాల్లో మూడు ‘అఁట’లున్నాయి. ఆ మూడూ కవి అధీనంలో లేని సంగతులు: పలకబోయేది భాగవతం కావడం, పలికించేవాడు రాముడు కావడం, పలికితే భవబంధాలు తొలగడం. వీటిని ‘నేను కనుగొన్నాను’ అని పోతన అనలేడు, అనడు. అయితే ఆ మాట ఎవరిదో ఆయన దాచిపెట్టలేదు. కావ్యానికి ముందుమాట వంటి అవతారికలో అంతకు ముందే రాముడు కనిపించి భాగవతాన్ని తెనుగు చేయమన్నాడని, దానితో భవబంధాలు తెగుతాయన్నాడని వచనంలో చెప్పి ఉంచాడు. చెప్పినవారెవరో ముందు తెలిపి, ఆ చెప్పినదానికి ‘అఁట’ తగిలించాడు. ఆధారం చూపడంలో మన విశ్వవిద్యాలయాలు నేడు కోరే పద్ధతికి ఇది ఏ విధంగానూ తీసిపోదు. ఇక నాలుగో పాదానికి రండి. అక్కడ ‘పలికెద’ అన్నాడు. ‘పలుకుదునఁట’ అనలేదు, ‘పలుకవచ్చు’ అసలే అనలేదు. సంకల్పం తనది కనుక దానికి ఏ అడ్డూ పెట్టలేదు. ‘పలుకు’ ధాతువును అయిదుసార్లు తిప్పిన ఆ పద్యంలో వినయానికీ ధైర్యానికీ మధ్య గీత గీసింది ఈ చిన్న ‘అఁట’ ఉండటం, లేకపోవడం మాత్రమే.

అదే పోతన గజేంద్రుని నోట మరో మెట్టు చూపించాడు. ‘కలఁ డందురు దీనుల యెడ’ అని మొదలైన పద్యంలో ‘అందురు’ అని మూడుసార్లు లోకుల సాక్ష్యం చెప్పించి, చివరికి ‘కలఁడు కలండనెడువాఁడు గలఁడో లేఁడో’ అనిపించాడు. ‘అందురు’ అన్నంతవరకు మాట పరులది. ‘ఓ’ చేరగానే అనుమానం ఏనుగు సొంతమయింది. వినికిడి వేరు, సందేహం వేరు అన్న ఎరుక ఇంత స్పష్టంగా ఉన్న భాషలో రెంటినీ ‘చెప్పవచ్చు’ అనే ఒకే గోనెలో కుక్కడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇంగ్లీషువారి మీద నెపం వేయనక్కర లేదు. శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ 1661లో తన ప్రయోగ వ్యాసాలకు రాసిన పీఠికలో, ‘బహుశా’, ‘ఇలా తోస్తున్నది’, ‘అసంభవం కాదు’ అనే అర్థం వచ్చే మాటలను తాను ఎందుకు అంత తరచుగా వాడుతున్నాడో వివరించాడు. జరిగిన సంగతులను గట్టిగానే చెబుతానని, వాటి కారణాలను గురించిన ఊహల దగ్గర మాత్రం జంకుతానని ఆయన సారాంశం. అంటే వారి శాస్త్ర రచనలోనూ సంకోచం అలంకారంగా పుట్టలేదు. తెలిసిన మేరకు కొలతగా పుట్టింది. మనం ఆ కొలతను వదిలేసి పైమాటను మాత్రం తెచ్చుకున్నాం. ‘గురజాడ గొప్ప రచయిత అని చెప్పవచ్చు’ అని ఒక వ్యాసంలో చదివాను. చెప్పడానికి వీలుందన్నారు, సంతోషం. ఇంతకీ చెప్పారా, లేదా? సంకోచించనక్కర లేని చోట సంకోచం, సంకోచించవలసిన చోట ‘అనడంలో ఎంతమాత్రం అతిశయోక్తి లేదు’ అనే ఢంకా. నేటి వ్యాసాలు ఈ రెంటి మధ్య ఊగుతున్నాయి. పత్రికల్లో ‘నిర్ణయించినట్లు సమాచారం’ అన్నది మరొకటి. ఎవరిచ్చిన సమాచారం అన్నది మాత్రం అందులో ఉండదు. ‘బహుశా కావచ్చునేమో అనిపిస్తుంది’ అని నాలుగు ఊతకర్రలతో నడిచే వాక్యాలకు నేను దండం పెట్టి తప్పుకుంటాను. సంస్కృతంలో ‘బహుశః’ అంటే ‘పలుమార్లు’ అని అర్థం. తెలుగులోకి వచ్చి అది ‘ఏమో’ అనే అర్థానికి దిగింది. ఆ మార్పును ఇప్పుడు ఎవరూ వెనక్కి తిప్పలేరు, తిప్పనవసరమూ లేదు.

ఇక తీర్పు. మీ పర్యవేక్షకుల మాటలో కొంత న్యాయం ఉంది. నేటి పాఠకుడికి ‘అట’ వినగానే వెటకారం ముందు తోస్తుంది. ‘శాసనాన్ని ఆయన పరిష్కరించాడట’ అని రాస్తే ఆ పండితుడిని మీరు నమ్మలేదనుకోవచ్చు. కాబట్టి వ్రాతమూలం ఉన్నచోట ‘అట’ వద్దు, ఆ గ్రంథం పేరే చెప్పండి. నోటిమాట ఒక్కటే ఆధారమైన చోట ‘కాకతీయుల కాలంలో కట్టారని ఊరివారు చెబుతారు’ అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆ చెప్పినవారెవరో ముందు వాక్యంలోనే తెలిపి ఉంటే ‘కట్టారట’ కూడా దోషం కాదని నా అభిప్రాయం. కాని పరీక్షకులందరూ నాతో ఏకీభవిస్తారని హామీ ఇవ్వలేను. రాతినో లిపినో చూసి మీరే ఊహించినప్పుడు మాత్రం ‘లిపిని బట్టి ఇది ఆ కాలానిది కావచ్చు’ అనండి. అప్పుడు ‘వచ్చు’కు పని దొరుకుతుంది. వ్యాకరణకర్త చిన్నయసూరి ‘అత్తునకు సంధి బహుళముగా నగు’ అన్నప్పుడు ‘బహుళము’ అంటే (ఒకచోట జరగడం, ఒకచోట జరగకపోవడం వగైరా) ఏమిటో పాఠకుడికి తెలుసునన్న భరోసాతో అన్నాడు. శాస్త్రంలో అనిశ్చయానికి కూడా అంత నిశ్చితమైన మాట ఉండాలి.

‘కాబోలు’ విషయం: కాన్ + పోలు, ద్రుతం (‘న్’) మీది పరుషానికి (‘ప’కు) సరళం (‘బ’) వచ్చి ‘కాఁబోలు’ అయింది. ‘పోలు’ అంటే సరిపోవడం, తగడం. తోచినదాన్ని బట్టి ఊహించడం ఆ ధాతువులోనే ఉంది కనుక సిద్ధాంత గ్రంథంలో నిరభ్యంతరంగా వాడుకోండి. ‘కామోసు’ కోస్తా మాటతీరు. కథలోనూ సంభాషణలోనూ అందంగా ఉంటుంది. మీ అధ్యాయంలో మాత్రం ‘కాబోలు’ రాయండి.