డైవర్సిటీ, ఇన్‌క్లూజన్ నిజమా, ప్రచారమా? మనుషుల్ని ఏ దశలో పిలుస్తున్నారో చూడండి

మీరు అడిగింది ఇది: ఒక పెద్ద ఎంటర్‌టైన్‌మెంట్ కంపెనీ నుంచి ఆఫర్ వచ్చేలా ఉంది, వాళ్ల రిపోర్టుల నిండా డైవర్సిటీ (రకరకాల మనుషులకు చోటు), ఇన్‌క్లూజన్ (వాళ్లని పనిలో కలుపుకోవడం), కమ్యూనిటీ ఇంపాక్ట్ (చుట్టూ ఉన్న సమాజానికి మేలు) అన్న మాటలే ఉన్నాయి, లోపల నిజంగా ఏమైనా జరుగుతుందా లేక ఫొటోల కోసమేనా, పనిచేసినవాళ్లు చెప్పండి అని.

నేను అలాంటి ఒక అమెరికన్ కంపెనీలో ఏడేళ్లు పనిచేశాను. పోస్ట్ ప్రొడక్షన్‌లో, అంటే షూటింగ్ అయ్యాక జరిగే పనిలో, క్యాప్షన్లు, ఆడియో డిస్క్రిప్షన్ చూసే టీమ్ మాది. వినికిడి లేనివాళ్ల కోసం మాటల్నీ శబ్దాల్నీ తెర మీద అక్షరాల్లో చూపించడం, చూపు లేనివాళ్ల కోసం డైలాగుల మధ్య దొరికే ఖాళీల్లో తెర మీద ఏం జరుగుతోందో గొంతుతో చెప్పించడం. అక్కడ కూర్చుని చూసినంతలో నా జవాబు: నిజమూ ఉంటుంది, ప్రచారమూ ఉంటుంది, ఒకే కంపెనీలో, ఒకే ఏడాదిలో. రెండింటినీ విడదీసి చూడటానికి నాకు పనికొచ్చిన ప్రశ్న ఒక్కటే. సంబంధం ఉన్న మనుషుల్ని ఏ దశలో పిలుస్తున్నారు?

చేరిన రెండో ఏడాది ఒక సిరీస్ క్యాప్షన్లు చెక్ చేస్తున్నాను. హీరోయిన్ అపార్ట్‌మెంట్ మెట్లు దిగుతూ ఉంటుంది. పక్క ఫ్లాట్ తలుపు తెరిచి ఉంది, లోపల ఒక పెద్దావిడ ఫోన్‌లో మాట్లాడుతోంది. తెర కింద మావాళ్లు రాసిన అక్షరాలు: "విదేశీ భాషలో మాట్లాడుతోంది". నా చెవులకు హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. ఆవిడ అంటున్నది "ఎప్పుడొస్తున్నావురా, ముందే చెప్పు" అని. అంత స్పష్టంగా తెలుగు. ఆ ముక్కని నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. 2011 జనాభా లెక్కల్లోనే ఎనిమిది కోట్లమందికి పైగా తమ మాతృభాషగా చెప్పిన భాష అది. వినగలిగేవాళ్లకి ఆ మాట తీరైనా చెవిన పడుతుంది. వినలేని తెలుగు ప్రేక్షకుడికి మాత్రం మేం రాసిందే ఆధారం. పక్కింటి ఆవిడ తనవాళ్లలో ఒకరని అతనికి తెలిసే దారే లేకుండా చేశాం.

సూపర్‌వైజర్‌కి చెబితే ఆమె వెంటనే ఒప్పుకుంది. "తెలుగులో మాట్లాడుతోంది" అని మార్చడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మార్చాక ఆమె కుర్చీలో వెనక్కి వాలి, "ఇలాంటివి ఇంకెన్ని వెళ్లిపోయాయో" అంది. పాత ఫైళ్లు వెతికితే అదే లేబుల్ కుప్పలు కుప్పలుగా దొరికింది. అప్పుడు ఒక షీట్ పెట్టాం, ఎవరికి ఏ భాష వచ్చో పేర్లు రాసుకోమని. అకౌంట్స్‌లో పనిచేసే ఒకాయన, రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి, రాత్రి షిఫ్ట్ సెక్యూరిటీ ఆయన, అందరూ రాశారు. అప్పటినుంచి మా టీమ్‌లో నియమం మారింది: భాష పేరు రాయాలి, తెలియకపోతే కనుక్కుని రాయాలి. కంపెనీ పెద్దలెవరూ దీని మీద ప్రకటన ఇవ్వలేదు. తెలుగు వచ్చిన మనిషి ఆ కుర్చీలో ఉండటం వల్ల దొరికిన తప్పు ఇది. ఉద్యోగాల్లో రకరకాల మనుషులు ఉండాలని నేను గట్టిగా అనేది ఇందుకే.

నాకు ఇంకా ఎక్కువ నేర్పింది మా టీమ్‌లోకి క్వాలిటీ చెకర్‌గా వచ్చిన ఒక సహోద్యోగి. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. మేం ఒక సీన్‌కి డిస్క్రిప్షన్ రాశాం: "ఆమె మెట్లు దిగి పరుగెత్తుతుంది. తలుపు గట్టిగా వేస్తుంది." ఆయన విని ఆపమన్నారు. "పరుగు నాకు వినిపిస్తోంది. తలుపు కూడా వినిపిస్తోంది. వినిపించేదాన్ని మళ్లీ చెప్పి ఉన్న మూడు సెకన్లూ ఖర్చు పెట్టేశారు. ఆమె చేతిలో ఏమైనా ఉందా?" ఉంది, ఒక కవరు. రెండు ఎపిసోడ్ల తర్వాత కథంతా ఆ కవరు చుట్టూనే తిరుగుతుంది. చూపున్నవాళ్లం నలుగురం ఆ సీన్ పదిసార్లు చూసి కూడా కవరు సంగతి రాయలేదు.

ఇంకోసారి ఆయనే అడిగారు: "డాక్టర్ నల్లజాతి మహిళ అని చెప్పారు, సరే. మిగతా ఆరుగురి గురించి ఏమీ చెప్పలేదు. వాళ్లెవరు?" ఎవరి దగ్గరా జవాబు లేదు. ఒకరి రంగే చెప్పి మిగిలినవాళ్లది వదిలేస్తే, చెప్పనివాళ్లంతా తెల్లవాళ్లే అని వినేవాళ్లు అనుకోవాలన్నమాట. కావాలని చేసింది కాదు, అలవాటుగా చేతికి వచ్చేసింది. ఆ వారం నుంచి ముఖ్య పాత్రలందరి రూపురేఖలూ చెప్పడం, కుదరకపోతే ఎవరివీ చెప్పకపోవడం అని పెట్టుకున్నాం.

ఇవన్నీ కంపెనీలకు వాటంతట అవే తోచిన ఆలోచనలని అనుకోకండి. అమెరికాలో వినికిడి లేనివాళ్ల సంఘం, నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ది డెఫ్, క్యాప్షన్లు సరిగా లేవని నెట్‌ఫ్లిక్స్ మీద కేసు వేసింది. 2012లో కుదిరిన ఒప్పందం ప్రకారం 2014కల్లా తన స్ట్రీమింగ్ వీడియోలన్నిటికీ క్యాప్షన్లు పెడతామని నెట్‌ఫ్లిక్స్ ఒప్పుకుంది. 2015 ఏప్రిల్‌లో అదే నెట్‌ఫ్లిక్స్‌లో "డేర్‌డెవిల్" సిరీస్ వచ్చింది. అందులో హీరో చూపు లేని లాయరు, చూపు లేని ప్రేక్షకులకేమో ఆడియో డిస్క్రిప్షన్ లేదు. వాళ్లు గట్టిగా నిలదీశారు, కొద్దిరోజుల్లోనే ఆ సిరీస్‌కి డిస్క్రిప్షన్ వచ్చింది. మా టీమ్‌లాంటి టీమ్‌లు ఉన్నాయంటే ఇలా అడిగినవాళ్ల పుణ్యమే.

ఇప్పుడు నాకు ఇప్పటికీ బాధగా ఉండే విషయం. కంపెనీలో వైకల్యం ఉన్న ఉద్యోగుల గ్రూప్ ఒకటి ఉండేది, మా టీమ్ పని అదే కాబట్టి నేనూ అందులో తిరిగేవాణ్ణి. ఒక గురువారం సాయంత్రం మెయిల్ వచ్చింది. ఒక సినిమాలో వీల్‌చెయిర్ వాడే పాత్ర ఉంది, చూసి సోమవారంలోగా అభిప్రాయం చెప్పండి అని. ఆరుగురం శని, ఆదివారాలు కూర్చుని చూశాం. దానికి జీతం లేదు, ఎవరూ అడగలేదు కూడా. ఆ పాత్ర కథలో ఉన్నదే పక్కవాళ్లు జాలిపడటానికి. నాలుగు పేజీలు రాసి పంపాం. జవాబు చాలా మర్యాదగా వచ్చింది: మీ సూచనలు విలువైనవి, కానీ పిక్చర్ లాక్ అయిపోయింది.

పిక్చర్ లాక్ అంటే ఎడిటింగ్ ఖరారైపోవడం. దాని మీదే సౌండ్, రీరికార్డింగ్, గ్రాఫిక్స్, కలర్ అన్నీ కూర్చుతారు. ఆ తర్వాత ఒక షాట్ తీస్తే వెనకున్నవన్నీ మళ్లీ సరిచేసుకోవాలి, అంత ఖర్చు ఎవరూ ఒప్పుకోరు. మెయిల్ పంపినవాళ్లకి ఇది ముందే తెలుసు. ఆ ఏడాది చివర వచ్చిన రిపోర్టులో మాత్రం ఆ సినిమాని "మా ఉద్యోగుల గ్రూప్‌తో కలిసి సమీక్షించాం" అని ఒక లైను ఉంది. మా నాలుగు పేజీలు ఆ లైనుకి పనికొచ్చాయి. వీల్‌చెయిర్ వాడే ఒక సహోద్యోగిని ఆ రోజే గ్రూప్ నుంచి తప్పుకుంది. ఆమె మెయిల్‌లో ఉన్నది ఒక్క వాక్యం: "నా అభిప్రాయం కావాలంటే స్క్రిప్ట్ కాగితం మీద ఉన్నప్పుడు పంపండి."

ఆ మెయిల్ ఎవరెవరి దగ్గరికి చేరిందో నాకు తెలియదు. ఏడాదిన్నర తర్వాత ఒక నిర్మాత స్క్రిప్టే పంపింది, రెండో డ్రాఫ్ట్. చదివినందుకు ఫీజు ఆ ప్రాజెక్టు బడ్జెట్‌లో ముందే రాసి ఉంది. ఆఫీసు పని గంటల్లోనే చదవమన్నారు. గ్రూప్ నుంచి తప్పుకున్న ఆమే చదివింది. ఒక సీన్‌లో అందరూ పై అంతస్తులో మీటింగ్‌లో ఉంటారు, వీల్‌చెయిర్‌లో ఉన్న లాయరు మాత్రం కింద ఎదురుచూస్తూ ఉంటుంది. "ఈ ఆఫీసులో లిఫ్ట్ లేదా? లేకపోతే ఆమె ఊరుకుంటుందా?" అని పక్కన రాసింది. రచయిత మీటింగ్‌ని కిందికి దించాడు, అందులో సగం మాటలు ఆ లాయరువే అయ్యాయి. కాగితం మీద మార్చడానికి అయిన ఖర్చు సున్నా.

ఆ పాత్రకి వీల్‌చెయిర్ వాడే నటినే తీసుకున్నారు. అప్పుడు బయటపడ్డ సంగతి ఏంటంటే, క్యారవాన్‌కి మెట్లు తప్ప ర్యాంప్ లేదు, చూసిపెట్టుకున్న లొకేషన్లలో ఒకదాంట్లో బాత్‌రూమ్ తలుపు వెడల్పు చాలదు. షూటింగ్‌కి ఇంకా టైమ్ ఉంది కాబట్టి ర్యాంప్ ఉన్న బండి మాట్లాడారు, లొకేషన్ మార్చారు. షూటింగ్ రోజు తెలిసి ఉంటే పాపం ఆ నటి ఇబ్బంది పడేది, అందరికీ టెన్షన్, చివరికి "ఇలాంటివాళ్లని పెట్టుకుంటే ఆలస్యం" అన్న మాట ఆమె మీద పడేది.

అవార్డుల గురించి కూడా అడిగారు. 2015, 2016 రెండేళ్లూ ఆస్కార్ నటన విభాగాల్లో 20కి 20 నామినేషన్లు తెల్లవాళ్లవే. ఆ గొడవ తర్వాత 2020లో ఆస్కార్ ఇచ్చే అకాడమీ డైవర్సిటీ కోసం కొత్త ప్రమాణాలు ప్రకటించింది, 2024 వేడుక నుంచి ఉత్తమ చిత్రం పోటీకి నాలుగింట్లో రెండైనా పాటించాలి. వీటిలో తెర మీద ఎవరున్నారన్నదే అందరూ మాట్లాడతారు. నాకు నచ్చింది మూడోది: కొత్తవాళ్లకి డబ్బిచ్చి పని నేర్పించడం.

ఎందుకంటే కమ్యూనిటీ ఇంపాక్ట్ అన్న మాటలో కాస్త బరువున్నది అక్కడే. మా దగ్గర ఏడాదికి ఒకరోజు వాలంటీర్ డే ఉండేది. టీషర్టులేసుకుని వెళ్లి స్కూలు గోడకి రంగులేసి వచ్చేవాళ్లం. పిల్లలు సంతోషపడేవాళ్లు, మేమూ సంతోషపడేవాళ్లం, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ స్కూల్లో చదివిన పిల్ల మా ఎడిట్ రూమ్‌లోకి ఎప్పటికైనా రావాలంటే ఆ రంగు సరిపోదు. ఈ ఫీల్డ్‌లోకి వచ్చే తోవ చాలాకాలం జీతం లేని ఇంటర్న్‌షిప్‌లే. ఆరు నెలలు జీతం లేకుండా బతకగలిగేవాళ్లు ఎవరు? ఇంటి దగ్గర డబ్బున్నవాళ్లు. నేనున్న చివరి రెండేళ్లలో మా డిపార్ట్‌మెంట్ పది నెలల ట్రైనింగ్ పెట్టింది, జీతంతో, ప్రయాణ ఖర్చులతో. డిగ్రీ అడగలేదు, తెలిసినవాళ్ల సిఫార్సు అడగలేదు. మొదటి బ్యాచ్‌లో వచ్చిన ఒకబ్బాయి అంతకుముందు గోడౌన్‌లో రాత్రి పని చేసేవాడు. ఇప్పుడు అసిస్టెంట్ ఎడిటర్. మొదటిసారి టైటిల్స్‌లో పేరు పడ్డ రోజు ఫ్రేమ్ ఆపి వాళ్లమ్మకి వీడియో కాల్‌లో చూపించాడు, ఆవిడకి అక్షరాలు చిన్నవై కనబడకపోతే వేలితో చూపిస్తూ చదివి వినిపించాడు.

అమెరికాలో 2025లో గాలి మారింది, అది మీరూ గమనించే ఉంటారు. ప్రభుత్వం ఇలాంటి కార్యక్రమాల మీద ఒత్తిడి పెట్టింది. టీవీ, రేడియో ప్రసారాలను నియంత్రించే అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్, ఈ కార్యక్రమాల విషయంలోనే, మీడియా కంపెనీ కామ్‌కాస్ట్ మీద, తర్వాత డిస్నీ మీద విచారణ మొదలుపెట్టింది. డిస్నీ పై అధికారుల జీతభత్యాలు లెక్కగట్టే అంశాల్లో "డైవర్సిటీ అండ్ ఇన్‌క్లూజన్"ని తీసి "టాలెంట్ స్ట్రాటజీ" పెట్టింది. నియామకాల్లో జాతి, లింగం ఆధారంగా పెట్టుకున్న అంకెల లక్ష్యాలను ఇంకో సినిమా కంపెనీ పారామౌంట్ ఆపేసింది. కాబట్టి రిపోర్టులో ఏ పదం ఉందో, ఏది తీసేశారో చూసి నిర్ణయించుకోకండి. పేర్లు మారినా పని ఆగని టీమ్‌లు ఉన్నాయి, పేరు అలాగే ఉండి పని ఆగిపోయినవీ ఉన్నాయి. నేను వచ్చేసిన తర్వాత కూడా మా పాత టీమ్‌లో భాషల షీట్ నడుస్తోంది. ఉద్యోగుల గ్రూప్‌కి మాత్రం బడ్జెట్ తగ్గించేశారట, నాకు అది అన్యాయం అనిపిస్తుంది.

మీకు ఇంకో రౌండ్ ఇంటర్వ్యూ ఉందన్నారు కదా. హెచ్ఆర్‌ని అడిగితే రిపోర్టులో ఉన్నదే చెబుతారు. మీకు మేనేజర్ కాబోయే మనిషిని అడగండి: "బయటివాళ్లో, ఉద్యోగుల గ్రూపో చెప్పిన మాట వల్ల ఈమధ్య మీ టీమ్‌లో ఏం మారింది? అది ఏ దశలో మారింది? వాళ్లకి ఫీజు ఏ బడ్జెట్ నుంచి వెళ్లింది?" అని. నిజంగా జరిగి ఉంటే ఆ మనిషి ఒక సీన్ గురించో, ఒక మీటింగ్ గురించో చెప్పడం మొదలుపెడతారు. మధ్యలో మీరు ఆపాల్సి వస్తుంది కూడా. "మా కంపెనీకి ఇది చాలా ముఖ్యమైన విలువ" దగ్గరే ఆగిపోతే, ఆ ఉద్యోగంలో చేరొద్దని నేను అనను. కానీ గ్రూపుల్లో పని ఒప్పుకునే ముందు, అది పని గంటల్లోకి వస్తుందో లేదో మెయిల్‌లో రాయించుకోండి. వీలైతే క్యాప్షన్ల టీమ్‌లో ఎవరితోనైనా పది నిమిషాలు మాట్లాడించమని కూడా అడగండి. వాళ్లేం చెప్పారో ఇక్కడ రాస్తే, నాకు తెలిసినంతలో చూసి చెబుతాను.