స్పీడ్‌లో కారు ఆగిపోతుంటే పంప్ ఒక్కదాన్నే అనుమానించకండి

మీ కారు ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు) బాగానే ఉంటుంది, స్పీడ్ అందుకున్నాకో ఎత్తు ఎక్కేటప్పుడో కుదుపులిచ్చి ఆగిపోతుంది, కాసేపాగి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది, ట్యాంక్ నుంచి పెట్రోల్ లాగి ఇంజిన్‌కిచ్చే మెకానికల్ పంప్ కొత్తది వేసినా తేడా లేదు అంటున్నారు కదా. కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కిచ్చే భాగం) ఉన్న నా పాత కారు కూడా అచ్చం ఇలాగే ఏడిపించింది. అడిగిన ప్రతివాళ్లూ పంపే అన్నారు, కానీ పంప్ నిక్షేపంగా ఉంది.

ముందు పంప్‌కి, కార్బురేటర్‌కి మధ్య టీ జాయింట్ (మూడు మూతుల పైపు ముక్క) వేసి ప్రెషర్ గేజ్ పెట్టండి. ఇలాంటి కార్లలో మామూలుగా ప్రెషర్ 3 నుంచి 6 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలిచే యూనిట్) దాకా ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి. అయితే ప్రెషర్ సరిగ్గా చూపించినంత మాత్రాన పెట్రోల్ సరిపడా వస్తోందని కాదు, అసలు చిక్కంతా ఇక్కడే. నాదాంట్లో గేజ్ 4 దగ్గర కదలకుండా నిలబడేది. ఇంజిన్ చల్లారాక స్పార్క్ రాకుండా ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసేసి, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి డబ్బాలోకి పెట్టి, వేరే మనిషిని సెల్ఫ్ కొట్టమంటే తెలిసింది: ధార తెగి తెగి, బుడగలతో వస్తోంది. (ఈ పని ఆరుబయట, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకునే చేయండి.)

బుడగలొస్తే ట్యాంక్ నుంచి పంప్ దాకా ఉన్న దారి చూడాలి. ఆ వైపు పంప్ పెట్రోల్‌ని లాగుతుంది కాబట్టి పైపుకి చిల్లు పడినా బయటికి చుక్క కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. అందుకే ఎవరి కంటా పడదు. నాకు దొరికింది ట్యాంక్ దగ్గరి రబ్బరు హోస్‌లో. పైకి నల్లగా బాగానే ఉంది, క్లిప్ వదులు చేసి వంచితే సన్నటి పగుళ్లు నోళ్లు తెరిచాయి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరుని త్వరగా తినేస్తుంది, కొత్తది కొనేటప్పుడు దాన్ని తట్టుకునేదే అడగండి.

హోసులు బాగుంటే, కారు ఆగిన వెంటనే ట్యాంక్ మూత తిప్పి చూడండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే వెంట్ (ట్యాంక్‌లోకి గాలి వెళ్లే దారి) మూసుకుపోయినట్టే. కాసేపాగితే మళ్లీ నడుస్తోందన్నారు కాబట్టి నాకు దీని మీదా అనుమానం ఉంది. ఫిల్టర్ సంగతి చెప్పక్కర్లేదు, మార్చేయండి.

పనిలో పనిగా డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ కొలిచే పుల్ల) తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన గట్టిగా కొడితే పంప్ డయాఫ్రమ్ (లోపల ఆడుతూ పెట్రోల్‌ని తోసే పల్చటి పొర) చిరిగి పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుండొచ్చు, కొత్త పంపయినా సరే. అలా ఉంటే కారణం తేల్చి ఆయిల్ మార్చేదాకా బండి తీయొద్దు.

ఎలక్ట్రిక్ పంప్ పెట్టేస్తే గొడవ వదిలిపోతుందని ఎవరైనా అంటే తొందరపడకండి. ఇంజెక్షన్ కార్ల పంపులు చాలావరకు 40 పీఎస్‌ఐ దాకా తోస్తాయి, ఆ ఒత్తిడికి ఫ్లోట్ నీడిల్ (కార్బురేటర్‌లోకి వచ్చే పెట్రోల్‌ని ఆపే చిన్న వాల్వ్) ఆగదు, పెట్రోల్ కార్బురేటర్ పైనుంచి పొంగి వేడి ఇంజిన్ మీద పడుతుంది. పెట్టాల్సే వస్తే కార్బురేటర్ కోసం చేసిన తక్కువ ప్రెషర్ పంపే పెట్టండి, ఇంజిన్ ఆగితే దానికీ కరెంటు ఆగిపోయేలా వైరింగ్ చేయించండి.