64 కోడాన్ల (యూ, సీ, ఏ, జీ అక్షరాలతో రాసే, ప్రొటీన్‌లో ఏ అమైనో ఆమ్లం రావాలో చెప్పే మూడక్షరాల సంకేతాల) పట్టికంతా బట్టీ పట్టాల్సిందేనా? అమైనో ఆమ్లాల వర్గీకరణతో దానికేమైనా సంబంధం ఉందా?

సంబంధం ఉంది, అదీ గట్టిదే. గుంటూరు బ్రాడీపేటలో బైపీసీ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఈ రెండు పాఠాలనూ కలిపి చెప్పడం మొదలుపెట్టాక వాళ్ల టెన్షన్ సగం తగ్గింది.

పట్టికను అందరూ మొదటి అక్షరం నుంచి చదువుతారు. మీరు మధ్య అక్షరాన్ని పట్టుకోండి. మధ్యలో యూ ఉన్న నిలువు వరుసలో వచ్చేవి ఫినైల్ అలనీన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్, మిథియోనిన్, వాలీన్. ఐదింటికీ నీళ్లంటే పడదు. మధ్యలో ఏ ఉంటే కథ తిరగబడుతుంది: హిస్టిడిన్, గ్లుటమిన్, ఆస్పరజీన్, లైసిన్, ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాలు అన్నీ నీటితో కలిసేవే. టైరోసిన్ ఒక్కటే కాస్త అటూ ఇటూ. మా పిల్లలచేత యూ వరుసకు పసుపు, ఏ వరుసకు నీలం స్కెచ్ పెన్‌తో వేయిస్తాను. వర్గీకరణ పేజీలోనూ అవే రంగులు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాక నేను చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు. మధ్యలో జీ ఉన్న వరుస మాత్రం కలగూరగంప, దాన్ని బట్టీ పట్టక తప్పదు.

సికిల్ సెల్ వ్యాధి తీసుకోండి. హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ ప్రొటీన్ 6వ స్థానంలో జీఏజీ కాస్తా జీయూజీ అవుతుంది. మారింది మధ్య అక్షరమే. గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వచ్చింది, అంటే నీలం గడి నుంచి పసుపు గడికి. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ వాలీన్ పక్కనున్న హిమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది, ఎర్ర కణం కొడవలిలా వంగిపోతుంది. అదే మూడో అక్షరం మారి జీఏఏ అయ్యుంటే? గ్లుటామిక్ ఆమ్లమే, ఏ గొడవా లేదు. జీఏయూ, జీఏసీ అయినా వచ్చేది ఆస్పార్టిక్ ఆమ్లం, అదీ ఆమ్ల గుణమున్నదే.

ఇక మూడో అక్షరంతో ఎప్పుడు పని లేదో తేల్చడానికి ఒక కిటుకు. మొదటి రెండూ జీ, సీలే అయితే మూడోది ఏదైనా అమైనో ఆమ్లం ఒకటే. కోడాన్ టీఆర్‌ఎన్‌ఏతో (అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే అణువుతో) జతకట్టేటప్పుడు జీ-సీ జంటకు 3 హైడ్రోజన్ బంధాలు, ఆ పట్టు చాలు. రెండూ ఏ, యూలే అయితే పట్టు వదులు, మూడోదీ చూడాల్సిందే. ఒకటి అటు, ఒకటి ఇటు ఉంటే మళ్లీ మధ్య అక్షరమే తీర్పరి: సీ గానీ యూ గానీ అయితే మూడోదాన్ని వదిలేయండి, ఏ, జీ అయితే చూడండి. సీయూతో మొదలైతే నాలుగూ ల్యూసినే, సీఏతో మొదలైతే రెండు హిస్టిడిన్, రెండు గ్లుటమిన్. నాకైతే కోచింగ్ మెటీరియల్‌లో ఇచ్చే పొట్టి వాక్యాల కంటే ఇదే నయమనిపిస్తుంది, వాటిని గుర్తుపెట్టుకోవడానికి మళ్లీ ఇంకో వాక్యం కావాలి.

ఒకే కోడాన్ ఉన్న ఒంటరిగాళ్లను విడిగా రాసుకోండి: ఏయూజీ మిథియోనిన్, యూజీజీ ట్రిప్టోఫాన్. ప్రొటీన్ తయారీని ఆపేసే స్టాప్‌లు యూఏఏ, యూఏజీ, యూజీఏ. మా పిల్లలు ఎక్కువగా తడబడేది యూజీఏ, యూజీజీల దగ్గరే. మానవ మైటోకాండ్రియాలో యూజీఏ కూడా ట్రిప్టోఫానే, కానీ ప్రశ్నలో ఆ మాట లేకపోతే స్టాప్ అనే రాయండి.