దోమల కోసం శాటిలైట్ బొమ్మలు చూసే ముందు

చి. వాణికి, బాబాయి ఆశీస్సులు.

వానాకాలంలో ఏ ఊళ్లో దోమలు ముసురుతాయో శాటిలైట్ బొమ్మలు చూసి ముందే చెప్పొచ్చా అని అడిగావు. కొంతవరకు చెప్పొచ్చు.

ముందు ఏ దోమో తేల్చుకో. డెంగీ దోమ పుట్టేది కూలర్ అడుగున, పెరట్లో పారేసిన కొబ్బరి చిప్పలో. సెంటినెల్-2 అనే ఐరోపా శాటిలైట్ తీసే బొమ్మలో ఒక చుక్క అంటే 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మన పాత ఇల్లు పెరటితో సహా నాలుగైదు చుక్కలు. కొబ్బరి చిప్ప ఎక్కడ కనబడుతుంది? డెంగీకైతే ఆశా కార్యకర్త చేతిలో టార్చిలైటే నయం. మలేరియా దోమ వేరు. అది పెరిగే చెరువు అంచులు, పొలాల్లో నిలిచిన నీళ్లు పైనుంచి దొరుకుతాయి.

ఇక మబ్బు. జులై, ఆగస్టుల్లో బొమ్మ తెరిస్తే దూది పరిచినట్టు ఉంటుంది. అప్పుడు దాని జోడీ శాటిలైట్ సెంటినెల్-1 రాడార్‌తో తీసే బొమ్మలు వాడు. వాటికి మబ్బు అడ్డం కాదు. కదలని నీటి మీద పడ్డ రాడార్ తరంగం అద్దం మీద పడ్డట్టు అవతలికి జారిపోతుంది, వెనక్కి రాదు. అందుకే నీళ్లు నల్లగా కనబడతాయి.

ఈ నలుపే నన్ను ఒకసారి బోల్తా కొట్టించింది. గోదావరి డెల్టాలో వరద మ్యాపు చేస్తూ, పెద్ద నల్లమచ్చ మొత్తానికి ముంపు రంగు వేశాను. తీరా జీపులో వెళ్లి చూస్తే అక్కడ ఆడవాళ్లు తీరిగ్గా నాట్లు వేస్తున్నారు. దమ్ము చేసిన మళ్లు! గట్టు మీద ఒక పెద్దాయన, "వరదేంటి బాబూ, ఈ నీళ్లు మేం పెట్టుకున్నవే" అన్నాడు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అందుకని ఒక్క తేదీ బొమ్మ చూసి రంగు వేయకు. రెండు నెలల బొమ్మలు వరసగా పెట్టు. మడి అయితే పైరు లేచేకొద్దీ నలుపు విరిగి తెల్లబడుతుంది. చేపల చెరువైతే నెలల తరబడి నల్లగానే ఉంటుంది. గాలి గట్టిగా వీచిన రోజు అలలు లేచి చెరువు కూడా తెల్లగా కనబడుతుంది. గుర్రపుడెక్క కమ్మిన చెరువు అసలు చెరువులాగే ఉండదు, దాన్ని కాలినడకన పట్టుకోవాల్సిందే.

ఇదంతా దండగ అనుకోకు. 2006లో సముద్రం వేడెక్కడం, వానలు, పచ్చదనం శాటిలైట్లతో గమనించి, తూర్పు ఆఫ్రికాలో రిఫ్ట్ వ్యాలీ జ్వరం (దోమల వల్ల పశువులకూ మనుషులకూ వచ్చే జబ్బు) రావచ్చని నాసా శాస్త్రవేత్తలు వారాల ముందే హెచ్చరించారు. డిసెంబరులో కెన్యాలో వచ్చింది. అక్కడ దోమగుడ్లు ఎండిన నేలలో ఏళ్ల తరబడి పడి ఉండి, గుంటలు నిండగానే పొదుగుతాయి. నీళ్లకూ జ్వరానికీ అంత దగ్గర లంకె ఉంది కాబట్టే చెప్పగలిగారు.

నీ మండలంలో ఆ లంకె ఉందో లేదో పీహెచ్‌సీ రిజిస్టర్లే చెప్పాలి. బొమ్మల జోలికి పోకముందే అయిదేళ్ల మలేరియా కేసులు తెచ్చుకో. ఊరి పేరు చాలదమ్మా, ఏ పేటో కూడా అడిగి రాసుకో. పనికి వేరే ఊరు వెళ్లొచ్చి జ్వరంతో పడ్డవాళ్లను విడిగా పెట్టు. అక్కడెక్కడో కుట్టిన దోమకు మన చెరువు పూచీ కాదు.

బొమ్మలకు డబ్బు పెట్టకు, సెంటినెల్‌వి ఉచితమే. దసరాకి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, కూర్చుని చూద్దాం. మర్నాడు చేలల్లోకి వెళ్దాం. బూట్లు మాత్రం వద్దు, మళ్లో దిగబడితే కాలు వస్తుంది గానీ బూటు రాదు.

మీ బాబాయి