టవరు కడితే హైటెక్ సిటీ అవుతుందా?

ప్రశ్న: మా కరీంనగర్‌లో ఐటీ టవరు వచ్చింది. బీటెక్ అయిన మా అబ్బాయికి అందులోనే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. హైదరాబాద్ వెళ్తే తప్ప పైకి రాడని చుట్టాలు ఒకటే పోరు. మా ఊరు కూడా ఎప్పటికైనా హైటెక్ సిటీ అవుతుందాండీ?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, 1998లో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజుల్లో మాదాపూర్ అంటే బండరాళ్లే. అందుకే అందరికీ ఆ గుండ్రటి భవనమే అంతా చేసిందనిపిస్తుంది. కానీ అప్పటికే హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. పని తెలిసిన ఇంజనీర్లు ఊళ్లో ఉన్నారు.

అసలు సిలికాన్ వ్యాలీ కథ కూడా భవనాలది కాదు. 1957లో తమ యజమాని, శాస్త్రవేత్త షాక్లీతో పడక ఎనిమిది మంది బయటికొచ్చేసి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ అనే చిప్‌ల కంపెనీ పెట్టారు. వాళ్లలో నాయిస్, మూర్ 1968లో మళ్లీ బయటికొచ్చి ఇంటెల్ పెట్టారు. మానేసినవాడు పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు కాలిఫోర్నియా చట్టం ముందు చెల్లదు. కాబట్టి ఊరు వదలకుండానే కొత్త దుకాణం తెరవొచ్చు.

మన దగ్గర అచ్చం అలా జరిగింది సాఫ్ట్‌వేర్‌లో కాదు, మందుల్లో. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు బయటికొచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. నేను జీడిమెట్లలో ఉద్యోగం చేసే రోజుల్లో బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీలకు వెళ్తే, మందు తయారయ్యే రియాక్టరు పక్కన నిలబడి కుర్రాళ్లకు ఉష్ణోగ్రత ఎక్కడ ఆపాలో చెప్పే పెద్దమనిషి చాలాచోట్ల పాత ఐడీపీఎల్ ఉద్యోగే. ఆ సంస్థ తర్వాత మూతపడింది, నాకిప్పటికీ బాధే. అది నేర్పిన పని మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

అందుకని కరీంనగర్ టవరుకు ఎన్ని అంతస్తులని నేను అడగను. అందులో పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి అక్కడే కంపెనీలు పెడుతున్నారా అని అడుగుతాను. మీ చుట్టూ గ్రానైట్ క్వారీలున్నాయి, రైస్ మిల్లులున్నాయి. వాళ్ల లెక్కలకు, లారీలకు, మిషన్లకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టేవాళ్లు పుడితే ఆ ఊరికి సొంత బలం వస్తుంది.

ఇక మీ అబ్బాయి సంగతి. ఆ కంపెనీలో కోడ్ మొదటినుంచి చివరిదాకా తనే రాస్తున్నాడా? తప్పు రాస్తే పక్కన కూర్చోబెట్టుకుని దిద్దే సీనియర్ ఉన్నాడా? ఉంటే రెండేళ్లు కదలొద్దనండి, ఇంటి అద్దె కూడా మిగులుతుంది. ఎక్కడినుంచో వచ్చిన టికెట్లు, అంటే కస్టమర్ల ఫిర్యాదులు, మూసే పనే అయితే మాత్రం, నిరభ్యంతరంగా హైదరాబాద్ బస్సెక్కించండి.